స్తంభం మీద చోటు

రాజధాని సోఫియా నుంచి వచ్చిన ఉత్తరం మూడు ముక్కల్లో తేలాల్సిన సంగతిని పదకొండు పేజీలకు సాగదీసింది. దేశంలో నియమాలు ఎక్కువైపోయాయట. జనానికి ఊపిరాడడం లేదట. కాబట్టి ప్రతి మునిసిపాలిటీ ఏడాది తిరిగేలోగా ఒక్క నియమాన్నయినా రద్దు చేసి చూపించాలట. రద్దు ఎలా చెయ్యాలో వివరించే కొత్త నియమాలు ఇరవై ఏడు, ఆ ఉత్తరం వెనకాలే కుట్టి పంపారు.

మేయరు ఆ కట్టను తెచ్చి స్విలెనా బల్ల మీద పడేశాడు. డాన్యూబ్ ఒడ్డున ఉన్న ఆ చిన్న పట్నానికి లా ఆఫీసరు ఆమె.

"ఎవరికీ తగలని దాన్ని ఒకటి చూసి తీసెయ్యమ్మా. కుయ్ అనేవాడు ఉండకూడదు," అన్నాడు.

"ఎవరికీ తగలనిదైతే తీసినా ఉంచినా ఒకటే కదా సార్?"

"ఆ వేదాంతం సోఫియా వాళ్లకి చెప్పు. నాకు డిసెంబరులోగా ఒక రద్దు కావాలి."

ఆ ఊరికి కోడలిగా వచ్చి, ఉద్యోగంలో చేరి ఆరేళ్లయింది స్విలెనాకు. ఈ ఆరేళ్లలో కుక్కల గొలుసు పొడవు మీద, బాల్కనీల రంగు మీద, చెత్తడబ్బాల మూత మీద నెలకొకటి చొప్పున నియమాలు రాసింది. రాసిన ఒక్కదాన్నీ కొట్టేసిన పాపాన పోలేదు. నియమం పుట్టడానికి ఒక సంతకం చాలు, పోవడానికి ఎన్ని కావాలో ఆమెకు తెలియదు. తెలుసుకునే యోగం ఆ ఉదయమే పట్టింది.

మేయరు అలా వెళ్లాడో లేదో, గినా పిన్ని తలుపు తోసుకుని వచ్చింది. పక్కింటావిడ. భర్త మెతోది పోయి ఆనాటికి తొమ్మిదో రోజు. నల్ల తలగుడ్డ కింద ముఖం వాడిపోయి ఉంది. చేతిలో సగానికి చిరిగిన చావు కాగితం. అందులో మెతోది బాబాయి ఫొటో నుదురు దగ్గర విడిపోయింది.

"బస్టాండు స్తంభానికి అంటించానే. గంట తిరక్కుండా పీకేశారు."

ఆ ఊళ్లో నలభయ్యో రోజుకు గడపగడపకూ వెళ్లి పిలిచే ఆచారం లేదు. పోయినవాళ్ల ఫొటో, తేదీ వేసిన కాగితాన్ని స్తంభాలకీ చెట్లకీ అంటిస్తారు. చదివినవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. చక్కెర కలిపిన ఉడికిన గోధుమలు చేతిలో పెట్టించుకుని, "దేవుడు క్షమించాలి" అంటారు. నలభయ్యో రోజు దాటితే ఆత్మ వెళ్లిపోతుంది. ఆ మాట ఎంతమంది నోట వస్తే పోయేవాడికి దారి అంత తేలికని గినా పిన్ని నమ్మకం. వాళ్ల వీధి చూస్తే ధాన్యం గోదాముల వెనక, ఊరి చివర. అక్కడ ఉన్నవి ఆవిడ ఇల్లు, స్విలెనా ఇల్లు. సొంత గేటుకి అంటించుకుంటే చదివేది పిల్లులే.

స్విలెనా ఫోను తీసి మునిసిపల్ ఇన్‌స్పెక్టరు ప్లామెన్‌ను పట్టుకుంది.

"బస్టాండు దగ్గర మొత్తం ఎన్ని చావు కాగితాలున్నాయి ప్లామెన్?"

"ఓ ముప్పై నలభై ఉంటాయి మేడం."

"నువ్వు పీకినవి?"

"ఒక్కటే."

"మిగతావి నీ కంటికి ఆనలేదా?"

"వాటి మీద రాతపూర్వకంగా ఫిర్యాదు రాలేదు మేడం. దీని మీద ఏడొచ్చాయి. పద్నాలుగో నిబంధన కింద చర్య తీసుకోమని నంబరేసి మరీ రాశారు. అలాంటి నిబంధన ఒకటుందని నాక్కూడా ఇవాళే తెలిసింది."

స్విలెనా పట్టణ శుభ్రత నియమావళి తీసి చూసింది. ఉంది. చావు కాగితాలను మునిసిపాలిటీ ఏర్పాటు చేసిన బోర్డు మీద తప్ప మరెక్కడా అంటించరాదు. ఆ బోర్డు ఏనాడో గాలివానకు పడిపోయింది. దాని రేకు ఎవరి కోళ్లగూటి మీదో ఉందని చెప్పుకుంటారు. కొత్త బోర్డు పెట్టిద్దామంటే టెండరు పిలవాలి, పైగా బస్టాండు కూడలి పాత కట్టడాల జాబితాలో ఉంది కాబట్టి దానికో అనుమతి, వెరసి నాలుగు నెలలు. లేని బోర్డు మీద తప్ప ఎక్కడా అంటించకూడదు. ఈ వాక్యాన్ని ఇన్నేళ్లు ఎవరూ చదవలేదు గనక ఎవరికీ నవ్వు రాలేదు.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకని ఇంకోరోజైతే అనుకునేదే. కానీ ఆ గొడ్డలిని మేయరు అప్పుడే తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లాడు. ఎవరూ పాటించని నిబంధన, ఎవరికీ తగలని నిబంధన. క్యాలెండరు చూసింది. ముసాయిదాను ప్రజల అభిప్రాయం కోసం ముప్ఫై రోజులు ఉంచాలి. తొమ్మిదీ ముప్ఫై, ముప్ఫై తొమ్మిది. ముప్ఫై తొమ్మిదో రోజు సాయంత్రమే కౌన్సిల్ సమావేశం పెట్టించి, ప్రచురించిన క్షణం నుంచి అమలు అని రాస్తే, నలభయ్యో రోజు పొద్దున్నే పిన్ని కాగితం అంటించుకోవచ్చు. అందుకు ముసాయిదా ఇవాళ సాయంత్రం లోపే ప్రచురణ కావాలి.

"అయిపోతుంది పిన్నీ. నువ్వు గోధుమలు కొనుక్కో," అంది.

రద్దుకు ఫారం పద్నాలుగు పేజీలు. రద్దు వల్ల ఎంత శాతం మేలు జరుగుతుందో అంకెల్లో రాయాలి. రద్దును అమలు చేసేందుకు ఎంతమంది సిబ్బంది కావాలో రాయాలి. ఎవరూ అక్కర్లేదని రాస్తే కంప్యూటరు ఒప్పుకోలేదు, సున్నా అనేది అంకె కాదంది. చివరికి ఒకరు అని రాసి తన పేరే పెట్టుకుంది. అంటే, ఇక మీదట లేని నిబంధనను అమలు చెయ్యకుండా చూసే అధికారి ఆమే.

ఆ తర్వాత పెద్ద చిక్కు. శ్మశానం నియమాలూ, సంత నియమాలూ, చెట్ల నియమాలూ "పద్నాలుగో నిబంధనను అనుసరించి" అంటూ దీని భుజం మీదే చెయ్యేసుకుని నిలబడ్డాయి. దీన్ని తీసేస్తే అవి మూడూ కూలతాయి. వాటిని సవరించాలంటే ఒక్కోదానికీ మళ్లీ ముప్ఫై రోజులు. తోటల విభాగం ఆవిడ తలుపులో నిలబడి, "నా చెట్ల సంగతేంటి, పద్నాలుగు లేకపోతే నా మూడో నిబంధన దేన్ని అనుసరించాలి?" అని అడిగింది.

"దేన్నీ అనుసరించొద్దు. సొంత కాళ్ల మీద నిలబడమను," అంది స్విలెనా. ఆవిడ ముఖం ముడుచుకుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని స్విలెనా పళ్లు కొరికి, చివరికి నంబరును అలాగే ఉంచి దాని పక్కన "రద్దయినది" అని రాసే ఉపాయం కనిపెట్టింది. అనుసరించేవి ఆ ఖాళీనే అనుసరిస్తాయి.

మిగిలింది ఒకే గడి. ఈ నిబంధనను మొదట ఎవరు, ఎందుకు ప్రతిపాదించారు? పాత దస్త్రాల గదిలో దుమ్ము తిన్నాక, మూడు దశాబ్దాల నాటి కాగితం దొరికింది. చెట్ల బెరడు పాడవుతోంది, ఊరు శ్మశానంలా కనిపిస్తోంది అని చక్కటి దస్తూరీతో రాసి ఉంది. కింద సంతకం: మెతోది, మునిసిపల్ ఇన్‌స్పెక్టరు.

టమాటా నారు ఇచ్చిన మెతోది బాబాయి. ద్రాక్షపందిరి కింద కూర్చుని రేడియోలో ఫుట్‌బాల్ వినే మెతోది బాబాయి. స్విలెనా ఆ సంతకాన్ని చాలాసేపు చూసింది. గడిలో పేరు నింపి, సాయంత్రం అయిదింటికి ముసాయిదాను ప్రచురించింది.

ఆ పట్నంలో ముసాయిదాలకు అభిప్రాయాలు వచ్చే అలవాటు లేదు. కుక్కల నియమానికి ఒకే ఒక్కటి వచ్చింది, అదీ దాన్ని రాయించిన ఆయనే పంపాడు. పద్నాలుగో నిబంధన రద్దుకు మాత్రం మూడు వారాల్లో నలభై మూడు వచ్చాయి. అన్నీ వద్దనేవే. ఒక్కోదానికీ కారణాలతో జవాబు రాయాలి, అది కూడా నియమమే.

"నేను జీవితంలో ఏ నియమాన్నీ సమర్థించలేదు, దీన్ని సమర్థిస్తున్నాను," అని ఒకాయన రాశాడు. "మా అమ్మ కాగితాన్ని గీకినవాడికి స్తంభం ఇస్తారా?" అని ఒకామె. "మీ ఇష్టం వచ్చినట్టు రద్దు చేసుకోండి, కానీ అక్టోబరు ఇరవై ఆరు దాకా ఆగండి," అని మరొకరు. అక్టోబరు ఇరవై ఆరు మెతోది నలభయ్యో రోజు. అన్నిటికంటే పొట్టి ఉత్తరం బస్టాండులో పేస్ట్రీల బడ్డీ నడిపే దఫీనాది. "నా కొడుకు వెలిన్ నదిలో పోయాడు. పందొమ్మిదేళ్లు. నలభైకి ముందురోజు వాడి కాగితాన్ని మెతోది నా బడ్డీ ఎదురుగా గీకేశాడు. నలభైకి పదకొండు మందే వచ్చారు."

స్విలెనా ఆ సాయంత్రం నేరుగా గినా పిన్ని పెరట్లోకి వెళ్లింది. ఆవిడ వాల్‌నట్‌ల పచ్చితొక్కలు ఒలుస్తోంది. వేళ్లు నల్లగా ఉన్నాయి.

"బాబాయి చేసింది నాకెందుకు చెప్పలేదు పిన్నీ?"

"చెప్తే చేసేదానివా?"

స్విలెనాకు కోపం వచ్చింది. "ఊరంతా దీన్ని తొక్కి తిరుగుతున్నారు. నా ముందు నిలబడి చట్టం, చట్టం అంటున్నారు. ఆయనొక్కడి కోసం దాన్ని లేపి కూర్చోబెట్టారు."

"అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది. అంతేగా వాళ్లనుకునేది." పిన్ని చేతులు ఆపలేదు. "ఆయన చెడ్డవాడు కాదే. రాసి ఉన్నది చేసేవాడు. రాసింది కూడా ఆయనే, అదే చిక్కు. ఇరవై ఏళ్లు గీకుడుకత్తి పట్టుకుని పొద్దున్నే పోయేవాడు. దఫీనా పిల్లాడిది వదిలెయ్యమని కాళ్లు పట్టుకున్నాను. ఒక్కరికి వదిలితే అందరికీ వదలాలి గినా అన్నాడు. ఆ రోజు రొట్టె ముట్టలేదు. మర్నాడు మళ్లీ కత్తి పట్టుకునే పోయాడు. ఆయన రిటైరైన రోజునుంచీ ఇంకెవడూ గీకలేదు. ఆయన మాత్రం పోయేదాకా బస్టాండు వైపు వెళ్లలేదు, తెలుసా నీకు?"

"తెలీదు."

"వాళ్లది తప్పనను. కానీ క్షమించమని అడిగే కాగితం కూడా అంటించనివ్వకపోతే ఆయన ఎలా పోతాడే?"

మర్నాడు మేయరు ఆమెను పిలిపించాడు. ఎవరికీ తగలని దాన్ని చూడమంటే కందిరీగల తుట్టెను కదిపావన్నాడు. దీన్ని వదిలేసి కుక్కల గొలుసు నియమం రద్దు చెయ్యమన్నాడు. స్విలెనా ఫారం ముందుకు తోసింది. "ఒకసారి ప్రచురించాక వెనక్కి తీసుకోవాలంటే దానికి వేరే ఫారం ఉంది సార్. పదహారు పేజీలు. ఎందుకు వెనక్కి తీసుకుంటున్నామో మీరే రాసి సంతకం పెట్టాలి." మేయరు ఫారం పేజీలు లెక్కపెట్టి, సరే సమావేశంలోనే చూద్దాం అన్నాడు. ఆ నెల్లాళ్లలో నియమాలు ఆమెకు చేసిన సాయం అదొక్కటే.

ముప్ఫయ్యో రోజు అయిదింటికి గడువు ముగిసింది. అయిదున్నరకు సమావేశం. పదముగ్గురు కౌన్సిలర్లు కూర్చున్నారు. ఊరి శుభ్రత మీద, చెట్ల బెరడు మీద, పర్యాటకుల మనోభావాల మీద వరసగా మాట్లాడారు. ఆ పట్నానికి ఏటా వచ్చే పర్యాటకులను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లు కూడా ఎక్కువగా దారి తప్పి వచ్చినవాళ్లే.

"ఈ నిబంధనను మీలో ఒక్కరైనా పాటించారా?" అడిగింది స్విలెనా.

"అది ఎజెండాలో లేదు," అన్నాడు అధ్యక్షుడు. ఆయన వెనక కిటికీలోంచి ఎదుటి స్తంభం కనిపిస్తోంది. ఆయన తల్లి సంవత్సరీకం కాగితం దాని మీదే ఉంది. స్విలెనాకు అరవాలనిపించింది. అరిస్తే సమావేశం వాయిదా పడుతుంది, వాయిదా పడితే రేపు దాటిపోతుంది. నోరు మూసుకుంది.

అప్పుడు వెనక వరసలోంచి దఫీనా లేచింది. ఏప్రన్ మీద పిండి అలాగే ఉంది. అందరూ ఆమెకు దారిచ్చారు. ఆమె కౌన్సిలర్ల వైపు చూడలేదు. లా ఆఫీసరు వైపు తిరిగింది.

"ఇది రద్దైతే స్తంభాల మీద ఎవరైనా అంటించొచ్చా?"

"ఎవరైనా."

"నిన్నా మొన్నా పోయినవాళ్లవేనా? పాతవాళ్లవి కూడానా?"

"ఏ ఏడాది పోయినవాళ్లవైనా."

"మళ్లీ ఎవడూ గీకలేడా?"

"గీకే అధికారం ఎవరికీ ఉండదు. మునిసిపాలిటీకి కూడా."

దఫీనా ఏప్రన్ మీది పిండి దులుపుకుంది. "అయితే తీసెయ్యండి," అని కూర్చుంది. గది వెనక గుసగుస మొదలైంది. ఆ గుసగుస ముందు వరసల దాకా పాకింది. నిమిషం క్రితం చెట్ల బెరడుకు కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లే ఇప్పుడు ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకుంటున్నారు. ఓటింగు పెట్టారు. పన్నెండు చేతులు లేచాయి. పదమూడో ఆయన తటస్థం, ఆయన అన్నింటికీ తటస్థమే. అయిదు నిమిషాల్లో ప్రచురణ అయిపోయింది. స్విలెనా మెట్లు దిగుతూ పిన్నికి ఫోను చేసి, గోధుమలు నానబెట్టమంది. ఇంత తేలిగ్గా ఎలా గెలిచానా అని ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. నెల రోజుల విసుగు తర్వాత మనిషి అనుమానించే స్థితిలో ఉండదు.

పొద్దున ఎనిమిదింటికి ఇద్దరూ బస్టాండుకు చేరారు. పిన్ని ఒక చేతిలో గోధుమల గిన్నె, చంకలో కాగితం. స్విలెనా చేతిలో టేపు. కూడలి మలుపు తిరగ్గానే ఇద్దరూ ఆగిపోయారు.

తొమ్మిది స్తంభాలు, నాలుగు చెట్లు. వాటి మీద అరచెయ్యంత ఖాళీ లేదు. పొద్దున అయిదింటి నుంచి జెరాక్స్ దుకాణం తెరిచే ఉందట. జనం ఇంకా అంటిస్తూనే ఉన్నారు. ఇరవై ఏళ్ల కిందటి చావులు, పాతికేళ్ల కిందటి చావులు. పొడుగు జుట్టు కుర్రాళ్లు, మీసాల తాతలు, పెళ్లినాటి ఫొటోలో నవ్వుతున్న అమ్మలు. మెతోది గీకిన ప్రతి ముఖం వెనక్కి వచ్చి తన స్తంభం తను ఎక్కింది.

స్విలెనాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "నేనే రాశాను పిన్నీ. వీటి జోలికి ఎవరూ పోకూడదని నేనే రాశాను."

పిన్ని కళ్లజోడు పెట్టుకుని స్తంభం స్తంభమూ తిరిగి పేర్లు చదివింది. తర్వాత గిన్నె మూత తీసి, అంటిస్తున్నవాళ్ల దగ్గరికి వెళ్లింది. గోధుమలు ఇస్తే కాదనకూడదు. వాళ్లు అటూ ఇటూ చూసి చెయ్యి చాచారు. "మీ నాన్నకి," అంది ఒకరితో. "మీ చెల్లికి," అంది ఇంకొకరితో. వాళ్లు తలవంచి, "దేవుడు క్షమించాలి," అన్నారు. వాళ్ల నాన్నకీ, వాళ్ల చెల్లికీ. ఎవరి నోటా మెతోది పేరు రాలేదు. ఆవిడ అనమని అడగనూ లేదు.

"పిన్నీ, ఆయనకి మిగుల్చు," అంది స్విలెనా. గిన్నె సగానికి దిగిపోయింది.

దఫీనా బడ్డీలోంచి జిగురు డబ్బా, కుంచె పట్టుకుని వచ్చింది. బడ్డీ ఎదుటి స్తంభం మీద, సరిగ్గా కంటి ఎత్తులో, వెలిన్ నవ్వుతున్నాడు. ఇద్దరు ఆడవాళ్లూ ఎదురుపడ్డారు. పిన్ని చెంచాతో గోధుమలు తీసింది.

"ఎవరికి?" అడిగింది దఫీనా.

"వెలిన్‌కి."

దఫీనా అరచేతిలో పెట్టించుకుని నమిలింది. దేవుడు క్షమించాలంది. మీ ఆయన కాగితమేదీ అన్నట్టు పిన్ని చంకవైపు చూసింది. తర్వాత స్తంభాన్ని పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చింది. మోకాలి ఎత్తు దాకా ముఖాలే. దాని కింద, కుక్కలు కాలెత్తే చోట, బెత్తెడు ఖాళీ ఉంది.

"ఎంత ఎత్తున అంటించాలో నియమం ఏమైనా ఉందా లా ఆఫీసరు గారూ?"

"లేదు. ఇప్పుడేమీ లేదు."

"ఇటివ్వు," అని దఫీనా కాగితం లాక్కుంది. స్తంభం పట్టుకుని, మూలుగుతూ మోకాళ్ల మీద కూర్చుంది. కుంచెతో రెండుసార్లు జిగురు పూసి, మెతోది ముఖాన్ని అడుగున అంటించి, అరచేత్తో గట్టిగా అదిమింది. "చదవాలనుకున్నవాడు వంగుతాడు," అంది, ఎవరితోనో తెలియకుండా.

లేవబోయింది, లేవలేకపోయింది. రోజంతా నిలబడే మోకాళ్లు అవి. పిన్ని గిన్నె కింద పెట్టి రెండు చేతులూ అందించింది. ఇద్దరి చేతులూ కలిశాక, పిన్ని లాగకుండా ఆగింది.

"ఆ మాట అనవా దఫీనా. ఒక్కసారి."

దఫీనా కిందనుంచే తలెత్తి చూసింది.

"ముందు నన్ను లేపు గినా. క్షమించడం సంగతి నిలబడ్డాక చూద్దాం."